కోడలి ముంతలో పొడి

పెద్దింట్లమ్మ మనుషుల్ని నమ్మేది కాదు, చేపల్ని నమ్మేది. చేపయితే మొప్ప ఎత్తి చూడొచ్చు. ఎర్రగా ఉంటే ఇవాళ్టిది, నల్లబడితే నిన్నటిది. మనిషిని అలా ఎత్తి చూసే వీలు పెట్టనందుకు ఆవిడకు దేవుడి మీద కూడా కొంచెం కోపం ఉండేది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటిన రోజులవి. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, నరసాపురానికి పడవ మీద ఒక పూట ప్రయాణంలో, ముప్ఫై గుడిసెల పాలెం ఉండేది. అందరూ చేపలు పట్టేవాళ్ళే. పెద్దింట్లమ్మ అక్కడికి పదకొండేళ్ళకు కోడలిగా వచ్చింది. కొడుకు బుల్లియ్యకు ఆరేళ్ళున్నప్పుడు మొగుడు రాముడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అల తీసుకుపోయిందని అందరూ అన్నారు. తాడు చీకిపోయిందని, ఆ సంగతి నావ యజమానికి ముందే తెలుసని ఆవిడ అంది. ఆ మాట ఎవరూ ఒప్పుకోలేదు, గట్టిగా కాదనా లేదు. అప్పట్నుంచి ఎవరేం చెప్పినా ఆవిడ ఆ మాటని ముందూ వెనకా తిప్పి చూసేది.

ఎండుచేపలు చేసి కొడుకుని పెంచింది. పాలెంలో ఉప్పు చెయ్యి అంటే ఆవిడదే. చేప కోసి, గుప్పెడు ఉప్పు కొలత లేకుండా విసిరి, రుద్ది ఇసకలో పరిచిందంటే శ్రావణం ముసుర్లో కూడా పురుగు పట్టేది కాదు. ఆ ఒక్క విషయంలో తనని తాను పూర్తిగా నమ్ముకుంది.

మిగతా లోకమంతా అనుమానమే. పక్క గుడిసె లోవమ్మ నిప్పు కోసం వస్తే, నిజంగా పొయ్యి ఆరిపోయి వచ్చిందా, ఈ ఇంట్లో ఏం కూరో చూసిపోదామని వచ్చిందా అని ఆలోచించేది. కాసేపాగి లోవమ్మ గుడిసె దాకా వెళ్ళి పొయ్యిలో బూడిద చల్లగా ఉందో లేదో వేలు పెట్టి చూసొచ్చేది. లోవమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసీ నిప్పుకి వస్తూనే ఉండేది, ఎందుకంటే కూర సంగతి కూడా నిజమే.

అలాంటి ఇంటికి కోడలిగా తలుపులమ్మ వచ్చింది. పట్టిసీమ దగ్గరి పిల్ల. వాళ్ళూ చేపలు పట్టేవాళ్ళే గానీ మంచినీళ్ళ గోదావరి వాళ్ళు, ఉప్పునీళ్ళు ఎరగరు. ఏడాది గడిచినా ఆ పిల్లలో పెద్దింట్లమ్మకి ఏ లోపమూ దొరకలేదు. మాటకి మాట చెప్పదు, పనికి వెనకాడదు, మొగుణ్ణి "మావా" అని పిలిచి తలొంచుకుంటుంది. ఇంత లోపం లేకుండా ఎవరుంటారని పెద్దింట్లమ్మకి అదే పెద్ద లోపంగా తోచింది. బుల్లియ్య కూడా వేట నుంచి రాగానే ముందు "తలుపులు తిన్నాదా" అని అడుగుతున్నాడు. పెళ్ళికి ముందు ఎవరి తిండి సంగతీ అడిగినవాడు కాదు.

రెండో వేసవిలో వాసన తగిలింది.

పాలెంలో చెమటా చేపా కలిసిన వాసనే అందరిదీ. అందరిదీ ఒకటే కాబట్టి అది వాసనని ఎవరికీ అనిపించదు. తలుపులమ్మ పక్కనుంచి వెళ్తే మాత్రం తడి మట్టి వాసన, ఏదో వేరు వాసన సన్నగా వచ్చేది. ఎంత ఎండలో పనిచేసినా చెమట కంపు లేదు. ఆ తరవాత పెద్దింట్లమ్మ కన్ను కోడల్ని వదల్లేదు. ఈ పిల్ల అందరితోపాటు ఏట్లో స్నానం చేయదు, ఇంటి వెనక తడిక చాటున చేస్తుంది. చేతులు పైకెత్తదు, బుట్ట నెత్తికెత్తాలంటే ఎవర్నన్నా పిలుస్తుంది. ఎప్పుడూ పైట చంకల మీదకి లాక్కుని మోచేతులు పక్కలకి అదిమి కూర్చుంటుంది. దాచుకునేవాళ్ళు అలాగే కూర్చుంటారు.

సంతరోజు నరసాపురంలో ఎండుచేపల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. మధ్యాహ్నం కోడలు "ఇప్పుడే వత్తాను అత్తా" అని లేచింది. అత్త బుట్ట మీద గోనె కప్పి వెనకే నడిచింది. తలుపులమ్మ తిన్నగా కోమట్ల వీధిలోకి వెళ్ళింది. చేప తినని వీధిలో చేపల మనిషికి ఏం పని? గున్నేశ్వరరావు గారి పచారీ కొట్టు పక్క గుమ్మంలో ఆయన భార్య నాగరత్నం గారు నిలబడి ఉన్నారు. కోడలు ఒక మూట ఆవిడకిచ్చింది. ఆవిడ ఓ చిన్న పొట్లం కోడలికిచ్చి చెవిలో చెప్పినట్టు ఏదో చెప్పారు. కోడలు పొట్లం బొడ్లో దోపుకుంది.

ఇంకో రోజు కాలవ గట్టున తుంగ గడ్డి పీకి దాని వేళ్ళకున్న నల్లటి గడ్డలు ఒళ్ళో వేసుకుంటూ కనపడింది. మర్నాడు చూరులో ఒక ముంత కనపడింది, మూతికి గుడ్డ కట్టి.

పెద్దింట్లమ్మకి అంతా తెలిసిపోయింది. మందు. కొడుక్కి మందు పెట్టి కొంగున ముడేసుకుంటోంది. లోవమ్మ నిప్పుకి వస్తే ఆవిడ చెవిలో వేసింది.

"ఎవరికీ సెప్పకు."

"నాకెందుకు వదినా," అంది లోవమ్మ. పొద్దుగూకేలోపు ముప్ఫై గుడిసెలకీ తెలిసింది.

అక్కణ్ణుంచి పెద్దింట్లమ్మ కాపలా మొదలైంది. కోడలు వండిన అన్నం ముందు కోడిపెట్టకి వేసి, అది బతికి ఉంటేనే కొడుక్కి పెట్టేది. కోడి నెల రోజులు తిని బలిసి గుడ్లు పెట్టింది. దానికి బుల్లియ్య మీద ప్రేమ పుట్టిన గుర్తులైతే ఏమీ కనపడలేదు. అయినా కోళ్ళకి మందు ఎక్కదేమోనని అనుమానం పోలేదు. పాలెం ఆడవాళ్ళు తలుపులమ్మ చేతి మంచినీళ్ళు తాగడం మానేశారు. ఆ పిల్లకి ఎందుకో అర్థం కాలేదు, అడగనూ లేదు.

ఓ రోజు మధ్యాహ్నం కోడలు తడిక వెనక్కి వెళ్ళింది గానీ నీళ్ళ చప్పుడు లేదు. పెద్దింట్లమ్మ తడిక లాగేసింది. కోడలు ఎడమ చెయ్యి పైకెత్తి, ముంతలోంచి తెల్లటి పొడి గుడ్డతో అద్దుకుంటోంది. చంక ఎర్రగా పొక్కి, అంచుల్లో తోలు లేచి ఉంది. చూడగానే పెద్దింట్లమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటే అది?"

"పొడి అత్తా."

"ఎవరికి పెడతన్నావు?"

"నాకే." తలుపులమ్మ ముంతని కడుపుకి హత్తుకుంది. "సిన్నప్పట్నుంచీ నా తోలు ఇంతే. సెమట పడితే పొక్కుతాది. పసుపు రాత్తే మంట, బూడిద రాత్తే వూడతాది. సంతలో అమ్మే వాసన పొడి రాత్తే వారం లేవలేదు. కోమటోరింటి అమ్మగారు ఇది సెప్పారు. ఇది పడతంది."

"నాకెందుకు సెప్పలేదు?"

"పెద్దరోగం అనుకుంటావని. పుట్టింటికి పంపేత్తావని."

నిజానికి ఆ రెండడుగులు పెద్దింట్లమ్మ వెనక్కి వేసింది ఆ రోగం అనుకునే.

అయినా ఒక మాట విని ఊరుకునే మనిషి కాదు కదా. తరవాతి సంతకి తానే కోమట్ల వీధికి వెళ్ళి, అరుగు కింద నిలబడి నాగరత్నం గారిని పిలిచింది.

"మా కోడలికి మీరేం ఇత్తన్నారండి?"

"పాలగుండమ్మా. చంటిపిల్లలకి కాచి పోస్తారే, అదే. మా చెల్లెలు కన్యకకీ ఇదే ఒళ్ళు, ఏం రాసినా పొక్కేది. దానికి చేసిందే మీ పిల్లకీ చెప్పాను. కొట్లో అమ్మే పొడుల్లో కర్పూరం, లవంగం ఉంటాయి. అవి ఇలాంటి ఒంటికి పడవు. పటికా వద్దు. తుంగముస్తలు, వట్టివేళ్ళు ఎండబెట్టి దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, పాలగుండలో కలిపితే చాలు. చెమట వాసన పోవాలంటే ఇంకో ఘాటు వాసన అక్కర్లేదు, చెమట ఆరితే చాలు. కొత్త పొడి చేసినప్పుడల్లా ముందు మోచేతి మడతలో రాసి ఒక పూట చూడమనండి."

"మీకెందుకండి మా పిల్ల మీద ఇంత ఇది?"

నాగరత్నం గారు కొంచెం నొచ్చుకున్నారు. "మా కొట్టుకి తుంగముస్తలు తవ్వి తెచ్చేది తనే కదమ్మా. తెచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి బాధపడుతుంటే చూడలేక చెప్పాను. దీనికింకో కారణం ఉండాలా?"

పెద్దింట్లమ్మకి అనుమానం పెట్టుకోవడానికి ఇంకేం మిగల్లేదు. తిరిగి వస్తూ పడవలో సిగ్గుపడింది. ఇంటికొచ్చి లోవమ్మతో "మందు కాదంట, ఒంటి పొడంట" అంది. లోవమ్మ ఆవిడని కిందనుంచి పైదాకా చూసింది.

"నీక్కూడా పెట్టేసిందేమో వదినా," అంది జాలిగా.

పాలెంలోకి వదిలిన మాట వెనక్కి తెచ్చుకోవడం ఆవిడ వల్ల కాలేదు. కోడలికి క్షమించమని చెప్పడమూ రాలేదు. బదులుగా బుట్ట తనే కోడలి నెత్తికెత్తడం మొదలుపెట్టింది. తడికకి ఇంకో తడిక అడ్డం కట్టింది.

ఆ ఏడు ఆశ్వయుజంలో తలుపులమ్మకి జ్వరం పట్టుకుంది. దిగేటప్పుడల్లా ఒళ్ళంతా చెమట. ముంతలో పొడి అయిపోయింది. బుల్లియ్య వేటకి పోయి నాలుగు రోజులైంది. కోడలి చంకలు పుండు పడి చెయ్యి కదపలేకుండా మూలుగుతుంటే పెద్దింట్లమ్మ చూడలేకపోయింది. కాలవ గట్టుకి వెళ్ళి తనే తుంగముస్తలు తవ్వింది. కడిగి, చెక్కు గీకి, సన్నగా తరిగింది. ఎండ బాగా కాసింది. ఇసకలో పరిచి ఎండబెట్టి దంచి, జల్లించి పొట్లంలో మిగిలిన పాలగుండలో కలిపింది. మోచేతి మడత మాట గుర్తొచ్చింది గానీ, పరాయివాళ్ళు చేసినదానికైతే పరీక్ష కావాలి, తన చేత్తో చేసినదానికి ఎందుకనుకుంది.

కోడలి చెయ్యి నెమ్మదిగా పైకెత్తి, నిండుగా అద్దింది.

తలుపులమ్మ పెట్టిన కేక ఏటి దాకా వినపడింది. మంచం మీంచి కిందపడి దొర్లింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎవరో నీళ్ళు తెచ్చి కడిగారు. లోవమ్మ ముంతలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు," అంది.

అప్పుడే రేవులో దిగిన బుల్లియ్య కేక విని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళాన్ని చూశాడు, ముంతని చూశాడు.

"ఉప్పేశావా అమ్మా?"

"నేనెందుకేత్తాను? ఎయ్యలేదు."

అబద్ధం ఆడలేదు. ఆవిడకి నిజంగా గుర్తు లేదు. అందరూ తన చేతుల వైపే చూస్తుంటే తనూ చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఉప్పు రవ్వలు తెల్లగా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. తరిగిన ముక్కల మీద గుప్పెడు విసిరింది, రుద్దింది, పరిచింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి ఉప్పు లేకుండా ఏదీ ఎండబెట్టలేదు. ఎండబెట్టడమంటే ఆ చేతికి ఉప్పెయ్యడమే. మనసుని అడక్కుండానే వేసేసింది.

"ఏశాన్రా," అంది. "ఎండబెట్టాను కదా."

లోవమ్మ నెమ్మదిగా అంది, "గడ్డలకి ఎవరన్నా ఉప్పేత్తారా వదినా."

ముందు మందు పెట్టిందని ఊరంతా చెప్పిన మనిషి, తరవాత పుండు మీద ఉప్పు రాసిన మనిషి, ముందు కాదని తరవాత ఔనన్న మనిషి. వాళ్ళ చోట తనున్నా నమ్మేది కాదని పెద్దింట్లమ్మకి తెలుసు. ఎవరి మాటనైనా తిప్పి చూసే ఆవిడ మాటని ఇప్పుడు అందరూ తిప్పి చూస్తున్నారు, ఏ వైపు తిప్పినా బాగాలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడకి భయమేసింది.

"తలుపుల్ని ఎగువకి పంపేత్తాను," అన్నాడు బుల్లియ్య. "నేనూ ఎల్లిపోతాను. అక్కడా సేపలున్నాయి."

మర్నాడే ఎగువకి వెళ్ళే పడవ మీద కబురంపాడు. వారానికి తలుపులమ్మ అన్న లోవరాజు పడవ వేసుకొచ్చాడు. ఆ వారంలో పెద్దింట్లమ్మ మళ్ళీ తుంగ తవ్వింది. చేతులు ఏట్లో ఇసకతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఉప్పు కుండ తీసుకెళ్ళి లోవమ్మ ఇంట్లో పెట్టొచ్చింది, పొరపాటున కూడా చెయ్యి అటు పోకుండా. గడ్డలు నీడన ఆరబెట్టి, ఆరినంతసేపూ పక్కనే కూర్చుంది, తన చేతికి తనే కాపలాగా.

బయల్దేరే రోజు మధ్యాహ్నానికి మూటలు పడవలో చేరాయి. పోటు వస్తే గానీ పడవ ఎగువకి కదలదు. అది సాయంత్రానికి. తలుపులమ్మ పడవలో అన్న పక్కన కూర్చుంది. పాలెమంతా రేవులోనే ఉంది. పెద్దింట్లమ్మ ముంత పట్టుకుని నీళ్ళ అంచుదాకా వచ్చింది.

"ఇది తీసుకెల్లవే."

లోవరాజు మర్యాదగానే అన్నాడు, "వద్దత్తా. ఒకసారికి సాలు."

ఆవిడ వాదించలేదు. గట్టు మీద కూర్చుని ఇసకలోంచి ఓ ఆల్చిప్ప ఏరుకుంది. పైట తప్పించి చెయ్యి పైకెత్తి, ఆల్చిప్ప అంచుతో తన చంక గీరుకోవడం మొదలుపెట్టింది. తోలు లేచి నెత్తురు చిమ్మేదాకా గీరింది. ముంతలోంచి గుప్పెడు పొడి తీసి దాని మీద అద్దింది. చెయ్యి దించలేదు.

"పోటు వచ్చేదాకా ఇక్కడే కూకుంటాను," అంది. "సూడండి."

బుల్లియ్య "అమ్మా" అని ఒక్కడుగు వేసి ఆగిపోయాడు. ఎండ వాలింది. ఆవిడ కదల్లేదు. ఓర్చుకుంటోందేమోనని ఎవరో గొణిగారు. లోవరాజు కూడా అదే అనుకుంటున్నట్టు మొహం పెట్టాడు.

తలుపులమ్మ పడవ దిగింది. మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చి అత్త ముందు కూర్చుంది. ముంతలో వేలు పెట్టి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపు చప్పరించింది.

"మండతందా అత్తా?"

"గీరిన సోట మండతంది. పొడి మండట్లేదు."

తలుపులమ్మ ఆ మొహంలోకి చూసింది. చేపలాగా మొప్ప ఎత్తి చూసే వీలు తనకీ లేదు. పోటు వచ్చి పడవ కదులుతుంటే అన్న పిలిచాడు.

"ఇప్పుడు రాను అన్నయ్యా," అంది. తరవాత అత్తతో అంది, నవ్వకుండా, "ఇక మీద పొడి ఎప్పుడు సేసినా ముందు నువ్వు రాసుకోవాలి. ఓ పూట సూశాకే నేను రాసుకుంటాను."

"రాసుకుంటాను."

అలాగే జరిగింది. పొడి చేసిన ప్రతిసారీ పెద్దింట్లమ్మ పైట తప్పించి, చెయ్యెత్తి రాసుకుని, కోడలు చూస్తుండగా ఓ పూట కూర్చునేది. కోడలు తప్పకుండా చూసేది. జాలికి కూడా ఒక్కసారి వదిలిపెట్టలేదు, ఆవిడా వదిలిపెట్టమని అడగలేదు. అడిగితే అనుమానం వస్తుందని ఆవిడకి తెలియనిదా. ఇద్దరు మనవలు పుట్టారు. లోవమ్మ నిప్పుకి వచ్చినప్పుడల్లా ఓ చిటికెడు పొడి కూడా పట్టుకెళ్ళేది. పాలెంలో వట్టివేళ్ళ వాసన వేసే ముసలమ్మ పెద్దింట్లమ్మ ఒక్కతే అయ్యింది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆవిడ చూపు మందగించింది. చేసిన పని చేశానో లేదో మర్చిపోవడం మొదలైంది. ఓ మధ్యాహ్నం కొత్త పొడి జల్లించి ముంతలో పోసింది. పోశాక అనుమానమొచ్చింది. ఆరబెట్టేటప్పుడు ఉప్పు కుండ దగ్గరికి వెళ్ళినట్టు ఉంది, వెళ్ళలేదేమో, ఎంత ఆలోచించినా తేలలేదు. నాలిక మీద పెట్టుకుని చూసింది. ఆ నాలిక్కి ఈ మధ్య రుచులు కూడా సరిగ్గా తెలియడం లేదు.

గబగబా పైట తప్పించి చెయ్యెత్తింది. ఈలోగా తలుపులమ్మ ముంత అందుకుని గుడ్డ ముంచి, తన చంకలో అద్దుకుంది.

"ఆగవే," అంది ముసలమ్మ. "ముందు నేను కదా. ఈసారి నా సెయ్యిని నేనే నమ్మట్లేదే."

"పోన్లే అత్తా," అని తలుపులమ్మ రెండో చంకలోనూ అద్దుకుంది. మూత కట్టి ముంతని చూరులో పెట్టింది.

పెద్దింట్లమ్మ ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోనూ లేదు, కోడలి మొహం కనపడకుండా పోతుందేమోనని. ఆ పూటంతా ఆ మొహమే చూస్తూ కూర్చుంది. తలుపులమ్మ బియ్యం ఏరింది, పిల్లలకి తల దువ్వింది, పొయ్యి ముట్టించింది. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు.